ప్రైమ్95 రివ్యూ: 14 నెలలు, 15 రిజల్ట్స్, ప్రైమ్ దొరకలేదు గానీ పాడైన ర్యామ్ దొరికింది

ముందే చెప్తున్నా, ఇది డబ్బులు పెట్టి కొన్న వస్తువు కాదు, నెట్‌లో ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్, కానీ మా ఇంటి కరెంటు బిల్లు చూసిన మా అమ్మ ముందు దీన్ని ఫ్రీ అన్నారంటే మీకు టీ కూడా ఇవ్వదు. పేరు ప్రైమ్95. దీని వెనక గింప్స్ అనే ప్రాజెక్టు ఉంది, పూర్తి పేరు గ్రేట్ ఇంటర్నెట్ మెర్సెన్ ప్రైమ్ సెర్చ్, అంటే మీ ఇంట్లో కంప్యూటర్ ఖాళీగా ఉన్న టైమ్ మీరు ఇష్టపడి ఇస్తే దాంతో ఇప్పటిదాకా ఎవరూ చూడని పెద్ద పెద్ద ప్రైమ్ నంబర్లు వెతుకుతారు. స్కూల్లో ప్రధాన సంఖ్య అని చదివాం చూడండి, 1తో, తనతో తప్ప ఇంక దేంతో భాగించినా శేషం మిగిలేది, అదే. 1996 జనవరిలో జార్జ్ వోల్ట్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు, ఆ మరుసటేడు స్కాట్ కురోస్కీ అనే ఆయన ప్రైమ్‌నెట్ అని సర్వర్ కట్టి పనులు పంచడం ఆటోమేటిక్ చేశాడు, అప్పట్నుంచి ఇప్పటిదాకా దొరికినవి 18. ముప్పై ఏళ్లకి 18 అంటే ఎంత నిదానమైన యవ్వారమో ఇక్కడే అర్థమై ఉండాలి.

నేనేమీ లెక్కల మీద ప్రేమతో వేసుకోలేదండి. ఇంటర్‌లో ఎంపీసీ, ఆ తర్వాత లెక్కల మొహం చూడలేదు. 2024 దసరాకి కొత్త డెస్క్‌టాప్ కట్టించుకున్నా, ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ రెండు స్టిక్కులుగా, గ్రాఫిక్స్ కార్డ్ తర్వాత చూద్దాంలే అని ఆపేశా. తెచ్చిన నాలుగో రోజు నుంచి ఉన్నట్టుండి బ్రౌజర్ మూసుకుపోవడం, రెండ్రోజులకోసారి బ్లూ స్క్రీన్. షాపుకి పట్టుకెళ్తే అక్కడి అబ్బాయి ఆన్ చేసి, ఏదో వీడియో పెట్టి, "అన్నా విండోస్ ఓపెనవుతుంది, వీడియో ఆడుతుంది, ఇంకేం కావాలె" అన్నాడు. విండోస్ మళ్లీ వేసి పంపాడు, 500 తీసుకున్నాడు కూడా. ఇంటికొచ్చిన రాత్రే మళ్లీ బ్లూ స్క్రీన్. అప్పుడు మా ఫ్రెండ్ ఒకడు "ప్రైమ్95 పెట్టి ఒక గంట వదిలెయ్ రా, అది మాత్రం అబద్ధం చెప్పదు" అన్నాడు.

డౌన్‌లోడ్ చేస్తే ఒక జిప్ ఫైల్, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, విప్పి డబుల్ క్లిక్ చేయడమే. తెరవగానే ఒక చిన్న బాక్స్ వస్తుంది, అందులో రెండు బటన్లు, ఒకటి జాయిన్ గింప్స్, రెండోది జస్ట్ స్ట్రెస్ టెస్టింగ్. ప్రపంచంలో సగం మంది ఆ రెండో బటన్ నొక్కేవాళ్లే అనుకుంటా, కంప్యూటర్లు కట్టేవాళ్లు, ఓవర్‌క్లాక్ చేసేవాళ్లు, అంటే ప్రాసెసర్‌ని ఉన్న స్పీడ్ కన్నా ఎక్కువ తిప్పేవాళ్లు, దీన్ని ప్రైమ్ నంబర్ల కోసం కాదు, కొత్త మెషీన్‌ని పిండి చూడ్డానికి వాడతారు. నేనూ అదే నొక్కా. బ్లెండ్ అనే టెస్ట్ పెట్టి వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చేసరికి, కచ్చితంగా 11 నిమిషాలు, ఒక వర్కర్, అంటే లెక్క చేసే ఒక భాగం, ఆగిపోయి ఉంది, కింద లైను: ఫేటల్ ఎర్రర్, రౌండింగ్ వాజ్ 0.5, ఎక్స్‌పెక్టెడ్ లెస్ దేన్ 0.4. దాని కింద ఇంకో లైను, హార్డ్‌వేర్ ఫెయిల్యూర్ డిటెక్టెడ్.

ఈ 0.5 ఏంటో తర్వాత తెలుసుకుంటే భలే అనిపించింది. ఇది చేసేదంతా కోట్ల అంకెలున్న నంబర్ని దానితో అదే గుణించడం, మనలాగా ఒక్కో అంకె పట్టుకుని గుణిస్తే యుగాలు పడుతుంది కాబట్టి ఎఫ్‌ఎఫ్‌టీ అనే పద్ధతిలో నంబర్ని ముక్కలు చేసి దశాంశాల్లో లెక్క కట్టి చివర్లో మళ్లీ పూర్ణాంకాలుగా మారుస్తుంది. మెషీన్ సరిగ్గా ఉంటే ప్రతి జవాబూ ఏదో ఒక పూర్ణాంకానికి ఆనుకునే వస్తుంది, 7.02 వస్తే 7, 6.98 వచ్చినా 7. అదే 7.5 వచ్చిందనుకోండి, 7 అనాలా 8 అనాలా? కిరాణా కొట్టు కాటాలో ముల్లు రెండు గీతల మధ్య నిలబడితే కొట్టాయన ఎటువైపో ఒకవైపు చదివేస్తాడు, ఇది మాత్రం చదవదు, తూకం ఆపేసి నీ కాటా పాడైంది పో అంటుంది. ఒక్క బిట్ అటూ ఇటూ అయినా పట్టేస్తుంది, ఎందుకంటే జవాబు ముందే తెలిసిన లెక్కలు కూడా దీని దగ్గర ఉంటాయి, వాటితో పోల్చి చూస్తుంది.

ర్యామ్ స్టిక్కుల్లో ఒక్కటే ఉంచి తిప్పా, ఆరు నిమిషాల్లో ఎర్రర్. అది తీసి రెండోది పెట్టా, రాత్రంతా తిరిగినా ఒక్క ఎర్రర్ లేదు. పొద్దున్నే ఫోన్‌లో ఫొటోలు తీసుకుని షాపుకి వెళ్లి చూపిస్తే ఆ అబ్బాయి ఇదేదో వైరస్ సాఫ్ట్‌వేర్ అన్నట్టు చూశాడు, పక్కన పెద్దాయన ఉన్నాడు ఆయన మాత్రం పెన్‌డ్రైవ్‌తో మెమరీ టెస్ట్ పెట్టాడు, స్క్రీన్ నిండా ఎర్ర లైన్లు. ఇంక మాట్లాడకుండా స్టిక్ తీసుకుని కంపెనీకి పంపారు. కొత్తది రావడానికి 18 రోజులు పట్టింది. ఆ 500 మాత్రం అడగలేకపోయా, మొహమాటం.

చెప్పుకుంటే ఇది నా ఒక్కడి కథా కాదు, 2016 జనవరిలో ఇంటెల్ కంపెనీ కొత్తగా వదిలిన స్కైలేక్ ప్రాసెసర్లలో బగ్ ఉందని తేలింది దీని వల్లే, ఒక ఎక్స్‌పోనెంట్, అంటే 2ని ఎన్నిసార్లు వేసి గుణించాలో చెప్పే నంబర్, దాని మీద ప్రైమ్95 తిప్పితే మెషీన్లు ఉన్నచోటే బిగుసుకుపోతున్నాయని వాడేవాళ్లు కనిపెట్టి చెప్తే ఇంటెల్ ఒప్పుకుని బయోస్ అప్‌డేట్ ద్వారా సరిచేసింది. అంత పెద్ద కంపెనీ ల్యాబుల్లో దొరకనిది ఖాళీ టైమ్‌లో నంబర్లు లెక్కపెట్టుకునేవాళ్లకి దొరికింది.

సరే, స్ట్రెస్ టెస్ట్‌గా ఐదుకి ఐదు, కళ్లు మూసుకుని ఇచ్చేస్తా. ఇక అసలు పని, మొదటి బటన్ సంగతి.

ఆ ర్యామ్ కోసం చూస్తున్న రోజుల్లోనే, 2024 అక్టోబర్ 21న న్యూస్ వచ్చింది, గింప్స్‌లో 52వ మెర్సెన్ ప్రైమ్ దొరికిందని. 2ని 13,62,79,841 సార్లు వేసి గుణించి అందులోంచి 1 తీసేస్తే వచ్చే నంబర్, మొత్తం 4,10,24,320 అంకెలు. పేజీకి 3,000 అంకెలు చొప్పున అచ్చు వేసినా 13,000 పేజీలు దాటుతుంది, సెకనుకి ఒక అంకె చదువుతూ కూర్చుంటే తిండీ నిద్రా లేకుండా 474 రోజులు. ఇంతకు ముందు రికార్డ్‌లో ఉన్నది 2018లో దొరికింది, దానికి 2,48,62,048 అంకెలు. నేను ర్యామ్ టెస్ట్ చేసుకోవడానికి వాడిన బొమ్మ లాంటి ప్రోగ్రామ్ చేసే అసలు పని ఇదా అని అప్పుడు తెలిసింది. ఆ 2018 ప్రైమ్ పట్టిన పాట్రిక్ లరోష్ కూడా నాలాగే ముందు మెషీన్లు టెస్ట్ చేసుకోవడానికే వాడేవాడట, తర్వాత సరే ప్రైముల వేట కూడా చేద్దాం అని మొదలుపెడితే నాలుగో ప్రయత్నంలోనే తగిలింది. నాలుగో ప్రయత్నం! అది చదివే నేను జాయిన్ గింప్స్ నొక్కా. తప్పు నాది కాదు, ఆయనది.

మెర్సెన్ ప్రైమ్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్పేస్తా, లెక్కలంటే పడనివాళ్లు ఈ పేరా దాటేయండి. 2ని 2తో అలా గుణించుకుంటూ పోయి 1 తీసేస్తే వచ్చేవి 3, 7, 31, 127, ఇలాంటివి. గుణించిన సార్లు ప్రైమ్ అయితేనే ఇది ప్రైమ్ అయ్యే చాన్స్, అయినా గ్యారంటీ లేదు, 11 సార్లు చేస్తే 2047, అది 23 ఇంటూ 89. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచ్ సన్యాసి 257 దాకా ఏవేవి ప్రైములో లిస్ట్ రాశాడు, అందులో రెండు తప్పులు, మూడు వదిలేశాడు, అయినా పేరు ఆయనదే మిగిలింది. ఆ తప్పుల్లో ఒకటి 67. 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ప్రొఫెసర్ అమెరికాలో గణితం మీటింగ్‌లో లేచి, నోరు విప్పకుండా బోర్డు మీద ఒకవైపు 2 పవర్ 67 మైనస్ 1 ఎంతో లెక్క కట్టి, రెండోవైపు 193707721 ని 761838257287 తో గుణించి, రెండూ ఒకటే అని చూపించి అలాగే వెళ్లి కూర్చున్నాడట, హాలంతా లేచి చప్పట్లు. మూడేళ్ల ఆదివారాలన్నీ దానికే పోయాయని చెప్పుకుంటారు. నా డబ్బా ఆ పని కన్ను మూసి తెరిచేలోపు చేస్తుంది, కానీ దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఇవే ఎందుకు వెతుకుతారంటే వీటికి టెస్ట్ తేలిక. లూకాస్ లేమర్ టెస్ట్ అని ఉంది, 4తో మొదలుపెట్టు, దాన్ని దానితోనే గుణించి 2 తీసెయ్, మన నంబర్‌తో భాగించి శేషం ఉంచుకో, మళ్లీ అదే. 31 తీసుకోండి, అది 2 పవర్ 5 మైనస్ 1, కాబట్టి మూడుసార్లు చేయాలి. 4కి 14. 14కి 194, 31తో భాగిస్తే శేషం 8. 8కి 62, 31తో భాగిస్తే సున్నా. సున్నా వచ్చిందా, ప్రైమ్. రాలేదా, కాదు. చేత్తో చేసి చూసుకోండి, టీ చల్లారేలోపు అయిపోతుంది. భాగించడం కూడా భాగించడం కాదు, 9తో భాగిస్తే శేషం ఎంతంటే మనం అంకెలు కూడేస్తాం కదా, అదే కిటుకు ఇక్కడ కంప్యూటర్ లెక్కలో పనిచేస్తుంది, పై సగం కోసి కింది సగానికి కలిపేయడమే. చిక్కల్లా ఎక్కడంటే 31కి మూడుసార్లు, 13 కోట్ల ఎక్స్‌పోనెంట్‌కి 13 కోట్ల సార్లు, ప్రతిసారీ నాలుగు కోట్ల అంకెల నంబర్.

ఇప్పుడు వాడుక ఎలా ఉంటుందో చెప్తా. అకౌంట్ పెట్టుకుని పేరిస్తే సర్వర్ ఒక నంబర్ ఇస్తుంది, ఇది నీది అని. కొత్త మెషీన్ కదా అని మొదట డబుల్ చెక్ పనులే వచ్చాయి, అంటే ఎప్పుడో ఎవరో ఒకసారి చేసేసిన నంబర్‌ని ఇంకో మెషీన్ మళ్లీ చేసి రెండు జవాబులూ కలిశాయా లేదా చూడటం, పబ్లిక్ పరీక్షల్లో పేపర్ రీవాల్యుయేషన్ లాగా. పని నడుస్తుంటే విండోలో లైన్లు వస్తుంటాయి, ఇటరేషన్ (పైన చెప్పిన గుణింతం ఒక్కసారి చేయడం) ఇంత, మొత్తంలో ఇంత శాతం, ఒక్కో ఇటరేషన్‌కి ఇన్ని మిల్లీ సెకన్లు, ఇంకా ఇన్ని రోజులు. అంతే. రంగుల గ్రాఫులు లేవు, బ్యాడ్జిలు లేవు, పేరులో 95 ఉంది కదా, చూడ్డానికి కూడా విండోస్ 95 నాటిదే అనిపిస్తుంది, మెనూలు బూడిద రంగు, సెట్టింగులు సగం నోట్‌ప్యాడ్‌లో టెక్స్ట్ ఫైల్ తెరిచి రాయాలి. నాకైతే ఇదేం ఇబ్బంది అనిపించలేదు గానీ మా ఫ్రెండ్ చూసి "బ్యాంకులో పాస్‌బుక్ ప్రింటింగ్ మిషన్ స్క్రీన్‌లా ఉందిరా" అన్నాడు.

ఒక్క ర్యామ్ స్టిక్‌తో తిప్పినప్పుడు డబుల్ చెక్‌లో ఇటరేషన్‌కి 4.6 మిల్లీ సెకన్లు చూపించేది. కొత్త స్టిక్ వచ్చి రెండూ పెట్టగానే 2.6. ప్రాసెసర్ అదే, ఏమీ మార్చలేదు. ఈ సాఫ్ట్‌వేర్‌కి ప్రాసెసర్ కన్నా ర్యామ్ నుంచి డేటా ఎంత స్పీడ్‌గా వస్తుందన్నదే ముఖ్యం, పెద్ద వంటవాడిని పెట్టుకుని కూరగాయలు ఒక్కోటీ అందిస్తే ఏం లాభం. కాబట్టి కొత్తగా పీసీ కట్టించుకునేవాళ్లు ఎవరైనా 16 కావాలంటే ఒక్క 16 కాకుండా రెండు 8లు వేయించుకోండి, ఇది ప్రైములకే కాదు.

నాలుగు డబుల్ చెక్‌లూ పాత జవాబులతో కలిశాయి, అంటే నా మెషీన్ పాసైంది. అప్పుడు ఫస్ట్ టైమ్ పని ఇప్పించుకున్నా, అంటే ఇంతవరకూ ఎవరూ టెస్ట్ చేయని నంబర్. 13 కోట్ల పైన ఎక్స్‌పోనెంట్, 24 గంటలూ తిప్పితే ఎనిమిది రోజులు చూపించింది. డిసెంబర్ నెలంతా ఆపకుండా తిప్పా.

ఇక్కడ కథలోకి కరెంటు వచ్చింది.

వాట్లు చూపించే ప్లగ్ ఒకటి కొని పెట్టి చూశా, మామూలుగా 45 వాట్లు తినే డబ్బా ఇది తిరుగుతుంటే 130 తింటోంది. 130 అంటే రోజుకి మూడు యూనిట్ల పైనే, నెలకి 93. మాది హైదరాబాద్, గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు జీరో బిల్లు, మా ఇంట్లో నెలకి 150, 155 దాటదు, ఏసీ లేదు గీజర్ లేదు. జనవరి మొదటివారం బిల్లు కొట్టే ఆయన వచ్చి మిషన్లోంచి చీటీ చింపి "ఈ నెల జీరో రాలేదమ్మా, 246 అయింది" అని చెప్పి పక్కింటికి పోయాడు. 200 దాటితే ఆ పై 46కి మాత్రమే కాదు, మొత్తం కట్టాలి. పదిహేనొందలకి కాస్త తక్కువ.

అమ్మ చీటీ పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ఫ్రిజ్ డోర్ సరిగా పడుతోందా చూసింది, మోటార్ స్విచ్ చూసింది, చివరికి బుస్సుమని సౌండ్ వినపడి నా రూమ్‌లోకి వచ్చింది.

"ఏం చేస్తోందిరా ఇది, నువ్వు మంచం మీద ఉన్నావ్ కదా?"

"లెక్కలు చేస్తోందమ్మా."

"ఎవరి లెక్కలు?"

ఎలా చెప్పాలో తెలీక "అమెరికా వాళ్లవి" అన్నా, అక్కడే తప్పు చేశా.

"వాళ్లు డబ్బులిస్తారా?"

"దొరికితే 3,000 డాలర్లు ఇస్తారు."

"దొరుకుద్దా?"

నేను ఏం మాట్లాడలేదు. అమ్మ చీటీ కీబోర్డ్ మీద పెట్టి వెళ్లిపోయింది.

నిజాయితీగా చెప్పాలంటే దొరకదు. ఒక్కో ఫస్ట్ టైమ్ టెస్ట్‌కి చాన్స్ లక్షల్లో ఒకటి. 2017 డిసెంబర్‌లో 50వది పట్టిన జోనథన్ పేస్ టెనెసీలో ఉంటాడు, ఫెడెక్స్ ఉద్యోగి, 14 ఏళ్లకి పైగా వెతికితే దొరికింది. 1999లో 38వది పట్టినాయన నయన్ హజ్రత్‌వాలా, మిషిగన్‌లో ఉండేవాడు, పేరు చూడగానే మనవాడే అని నాకు ఒక చిన్న పులకింత, పెంటియమ్ 2 మెషీన్ మీద ఖాళీ టైమ్‌లో 111 రోజులు తిరిగితే వచ్చింది, పది లక్షల అంకెలు దాటిన మొదటి ప్రైమ్ అదే, దానికి ఈఎఫ్‌ఎఫ్ అనే సంస్థ 50,000 డాలర్ల బహుమతి ఇచ్చింది. ఇంకా 10 కోట్ల అంకెలు దాటిన ప్రైమ్‌కి లక్షన్నర డాలర్లు అలాగే ఉన్నాయి. దాని కోసం వెళ్దామా అని లెక్క వేశా, ఎక్స్‌పోనెంట్ 33 కోట్ల పైన ఉండాలి, నా మెషీన్ రాత్రిళ్లు మాత్రమే తిప్పితే ఒక్క నంబర్‌కి నాలుగు నెలల దగ్గర, అది కూడా కాదు అని చెప్పడానికి. వద్దులే అనుకున్నా. డబ్బు ఆశతో వచ్చేవాళ్లు లాటరీ కొనుక్కోండి, కనీసం ఫ్యాన్ సౌండ్ ఉండదు.

పైగా 2024లో దొరికినది ఇంటి కంప్యూటర్‌లో దొరికింది కాదు. ల్యూక్ డ్యురాంట్ అని కాలిఫోర్నియాలో ఉంటాడు, ఇంతకు ముందు ఎన్‌విడియాలో పనిచేశాడు, 17 దేశాల్లో డేటా సెంటర్లలో ఉన్న గ్రాఫిక్స్ కార్డులు క్లౌడ్‌లో తీసుకుని జీపీయూఔల్ అనే వేరే సాఫ్ట్‌వేర్ తిప్పాడు, ఐర్లాండ్‌లో డబ్లిన్‌లో ఉన్న ఒక ఎ100 కార్డు మొదట పట్టింది, మర్నాడు అమెరికాలో శాన్ ఆంటోనియోలో ఇంకో కార్డు ఔనంది. 28 ఏళ్లు మామూలు పీసీలే గెలిచిన ఆట అక్కడితో మారిపోయింది. ఆయన తనకొచ్చిన 3,000 డాలర్లు కూడా తను చదువుకున్న అలబామా స్కూల్‌కే ఇచ్చేస్తానన్నాడు. ఆయన ముందు నా ఆరు కోర్లు ఎంత, రైస్ మిల్లు పక్కన రోకలి. అది తెలిసి కూడా ఎందుకు తిప్పుతున్నావంటే, నాకిచ్చిన నంబర్ నాది, అది నేను చేసేదాకా ఖాళీగానే ఉంటుంది, చేశాక ఇంకెవరూ చేయక్కర్లేదు.

ఈ "ఇంకెవరూ చేయక్కర్లేదు" అన్నదే ఈ సర్వీస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది, కొంచెం వివరంగా చెప్తా. పాత రోజుల్లో ప్రతి నంబర్నీ ఇద్దరు చేయాలి, ఎందుకంటే నా పాత ర్యామ్ లాంటిది ఎవరింట్లో ఉందో ఎవరికి తెలుసు, వారం రోజుల లెక్కలో ఒక్క బిట్ తప్పినా జవాబు చెత్త, పైగా అది చెత్త అని ఎవరికీ తెలీదు. 2018లో రాబర్ట్ గెర్బిజ్ అనే ఆయన కనిపెట్టిన చెకింగ్ పద్ధతి పెట్టారు, మధ్య మధ్యలో లెక్క తనని తనే సరిచూసుకుంటుంది, తప్పు వస్తే వెనక్కి వెళ్లి కరెక్ట్‌గా ఉన్నచోటు నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. 2020 నుంచి ఇంకో అడుగు, టెస్ట్ పూర్తయ్యాక ప్రూఫ్ ఫైల్ తయారవుతుంది, అది సర్వర్‌కి పంపితే మొత్తం మళ్లీ చేయకుండానే, అసలు లెక్కలో చిన్న వంతు పనితోనే ఇంకో మెషీన్ దాన్ని నిజమే అని తేల్చేస్తుంది. ఎనిమిది రోజుల పనికి మళ్లీ ఎనిమిది రోజులు అక్కర్లేదు. నేను మోసం చేద్దామన్నా కుదరదు, నా మెషీన్ పొరపాటు చేసినా దాగదు. ఇలాంటి లెక్క మా ఆఫీసులో ఒక్క ఎక్సెల్ షీట్‌కి ఉన్నా బాగుండేది.

దీనికి ఖర్చు ఉంది. టెస్ట్ నడిచినంతసేపూ హార్డ్ డిస్క్‌లో నాలుగు జీబీ దాకా తాత్కాలికంగా పట్టుకుంటుంది, చివర్లో అప్‌లోడ్ అయ్యే ప్రూఫ్ ఫైల్ 150 ఎంబీకి దగ్గరగా ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లు చూసుకోండి, మొదటిసారి నాకు తెలీక సరిగ్గా మీటింగ్ కాల్ మధ్యలో అప్‌లోడ్ మొదలై నా గొంతు రోబోలా వినపడిందట. సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ స్పీడ్ తగ్గించుకోవచ్చు, ఏ టైమ్‌లో పంపాలో కూడా పెట్టుకోవచ్చు, అది నాకు తర్వాత తెలిసింది.

కరెంటు పోతే ఏంటి అని అడుగుతారు, మన దగ్గర అది మామూలు ప్రశ్న. అరగంటకోసారి చేసినంతవరకూ ఫైల్‌లో దాచుకుంటుంది, పోతే పోయేది ఆ అరగంట పనే, కావాలంటే పది నిమిషాలకి మార్చుకోవచ్చు. 14 నెలల్లో ఎన్నిసార్లు కరెంటు పోయిందో లెక్కలేదు, ఒక్కసారి కూడా పని మొదటికి రాలేదు. మిగతా పనులకి అడ్డం కూడా రాదు, అన్నిటికన్నా తక్కువ ప్రయారిటీ పెట్టుకుని మనం ఏదైనా తెరిస్తే పక్కకి తప్పుకుంటుంది, బ్రౌజర్, వర్డ్ తేడా తెలీదు, వీడియో ఎడిటింగ్ చేస్తే మాత్రం తెలుస్తుంది, ఆపేయండి.

వేడి గురించి. చలికాలంలో నా ప్రాసెసర్ 78 డిగ్రీలు, మార్చి వచ్చేసరికి బాక్సులో ఇచ్చిన ఆ చిన్న ఫ్యాన్‌తో 88. సైడ్ మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి చూశా, ఆరు డిగ్రీలు తగ్గింది, దాని బదులు ఇంట్లో అందరి తిట్లూ. ల్యాప్‌టాప్‌లో పెట్టొద్దండి, చెప్తే వినరు, మా కజిన్ పెట్టాడు, వాడి ల్యాప్‌టాప్ కింద ఇడ్లీ ఉడికేలా ఉంది. ఫోన్‌లో ఇది లేదు, లేకపోవడమే మంచిది.

సర్వర్ వైపు కూడా ఒక మాట, వీళ్లేమీ పర్‌ఫెక్ట్ కాదు. 49వ ప్రైమ్ సెంట్రల్ మిస్సోరీ యూనివర్సిటీ మెషీన్‌లో 2015 సెప్టెంబర్ 17నే దొరికి సర్వర్‌కి చేరింది, కానీ దొరికిందని పంపాల్సిన ఈమెయిల్ పోలేదు, 2016 జనవరి 7 దాకా ఎవరూ చూడలేదు. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద ప్రైమ్ దాదాపు నాలుగు నెలలు ఒక డేటాబేస్‌లో కూర్చుని ఉంది, మన మున్సిపల్ ఆఫీసులో అర్జీ లాగా. నాకైతే ఇలాంటిదేమీ జరగలేదు, పంపిన ప్రతి రిజల్టూ నిమిషంలో నా అకౌంట్‌లో కనిపించింది.

దీని వల్ల ఉపయోగం ఏంటి అని ప్రతివాడూ అడుగుతాడు. బ్యాంకుల ఎన్‌క్రిప్షన్‌కి పనికొస్తుందని కొందరు చెప్తారు, నమ్మకండి, దానికి వాడే ప్రైములు కొన్ని వందల అంకెలే, నాలుగు కోట్ల అంకెల ప్రైమ్‌ని తాళంగా వాడేవాడు ఎవడూ లేడు. ఒక్కో మెర్సెన్ ప్రైమ్‌కి ఒక పరిపూర్ణ సంఖ్య కూడా ఫ్రీగా వస్తుంది, 6, 28, 496 లాంటివి, ఆ నంబర్‌ని తప్పించి దాని మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ అదే వస్తుంది, అది చూసి ఆనందించేవాళ్లకి ఆనందం. పెద్ద నంబర్లని స్పీడ్‌గా గుణించే ట్రిక్కులు వీళ్ల పుణ్యమా అని మెరుగయ్యాయి. నాకు వచ్చిన ఉపయోగం ఒక ర్యామ్ స్టిక్, అది పైన చెప్పేశా.

అమ్మతో ఒప్పందం ఎలా కుదిరిందంటే, "పడుకునేటప్పుడు పెట్టు, లేవగానే తీసెయ్, 200 దాటితే ఆ డబ్బా ఓఎల్‌ఎక్స్‌లో పెట్టేస్తా." రాత్రి పది గంటలు తిప్పితే నెలకి 39 యూనిట్లు, 155కి కలిపితే 194. ఫిబ్రవరిలో 191, మార్చిలో 197, మా ఇద్దరికీ గుండె ఆగినంత పనైంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కూలర్ తిరుగుతుంది కాబట్టి పూర్తిగా బంద్. మళ్లీ జులైలో మొదలు. ఇప్పుడు నెల చివర్లో మీటర్ దగ్గరికి వెళ్లి చూసి వచ్చేది అమ్మే, "ఇంకా తొమ్మిది ఉన్నాయి, మూడు రాత్రులు పెట్టుకో" అని చెప్తుంది.

ఇలా రాత్రిళ్లు మాత్రమే అయితే ఒక్కో నంబర్ దాదాపు మూడు వారాలు. మొదటి ఫస్ట్ టైమ్ రిజల్ట్ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు, 99.9 దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నా, 100 అయ్యింది, ఒక సెకను ఏమీ లేదు, తర్వాత ఒక లైను, ఈజ్ నాట్ ప్రైమ్, దాని పక్కన 16 అక్షరాల కోడ్. అంతే, సారీ కూడా చెప్పదు, వెంటనే కింద లైన్లో తర్వాతి నంబర్ మొదలుపెట్టేసింది. అలా 11 అయ్యాయి, పదకొండూ కాదే. మొదటి రెండిటికీ నీరసం వచ్చింది, ఇప్పుడు ఆ 16 అక్షరాలు కాపీ చేసి ఒక నోట్‌ప్యాడ్‌లో వరసగా పెట్టుకుంటున్నా, ఎందుకో తెలీదు.

రేటింగ్ అడిగితే: మెషీన్ టెస్ట్‌కి 5, నమ్మకానికి 5, చూడ్డానికి 2, కరెంటు విషయంలో 1, అది దాని తప్పు కాదు గానీ బిల్లు కట్టేది నేనే. తొందరగా ఏదో ఒకటి దొరకాలి, పేరు రావాలి అనుకునేవాళ్లు ప్రైమ్‌గ్రిడ్ చూడండి, అక్కడ చిన్న సైజు ప్రైములు కూడా వెతుకుతారు, దొరికే చాన్స్ ఎక్కువ, బ్యాడ్జీలు కూడా ఇస్తారు. మంచి గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నవాళ్లకి ప్రైమ్95 కాదు, దానికి వేరే ప్రోగ్రాములున్నాయి. కొత్త మెషీన్ కొన్నవాళ్లు మాత్రం షాపులోంచి బయటికి రాకముందే అక్కడే ప్లగ్ పెట్టించి, జస్ట్ స్ట్రెస్ టెస్టింగ్ నొక్కి, ఒక అరగంట కుర్చీ వేసుకుని కూర్చోండి, షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

పన్నెండోది నడుస్తోంది, పొద్దున ఆపేటప్పటికి 61.3 శాతం. మీటర్ ప్రకారం ఈ నెల ఇంకా నాలుగు రాత్రులు ఉన్నాయట.